ఒక చెయ్యి తక్కువైన ఆట: చిన్న రాష్ట్రంలో చట్టబద్ధమైన ఆన్‌లైన్ పోకర్

2011 జనాభా లెక్కల ప్రకారం విజయవాడ నగరంలో 10 లక్షల 34 వేల మంది ఉన్నారు. అమెరికాలోని డెలవేర్ రాష్ట్రం మొత్తం జనం 2020 లెక్కల్లో 9 లక్షల 90 వేలు. అంటే బెజవాడ కంటే కాస్త చిన్నది. అయినా దానికి సొంత గవర్నరు, సొంత చట్టసభ, సొంత లాటరీ శాఖ ఉన్నాయి. 2012 జూన్‌లో ఆ రాష్ట్రం ఆన్‌లైన్ పోకర్‌ని చట్టబద్ధం చేసింది. అందులో అన్నిటికంటే బరువైన షరతు, ఆడేటప్పుడు మనిషి రాష్ట్రం సరిహద్దు లోపల ఉండాలన్నది.

ఆ షరతు ఎంత బరువైనదో తెలియాలంటే దాన్ని మన ఊరికి తెచ్చి చూడాలి. భవానీపురంలో ఆడొచ్చు, పటమటలో ఆడొచ్చు, సత్యనారాయణపురంలో డాబా మీద పడుకుని ఫోన్లో ఆడొచ్చు. బ్యారేజీ దాటి సీతానగరం వైపు దిగగానే యాప్ ఆగిపోతుంది. గుంటూరు బ్రాడీపేటలో ఉన్న బావమరిది ఎంత సరదాపడ్డా ఆ బల్ల దగ్గర కూర్చోలేడు. నగరంలో ఉన్నవాళ్లు నగరంలో ఉన్నవాళ్లతోనే ఆడుకోవాలి.

పేకాడే ఇళ్లల్లో తరచూ వినపడే మాట ఒకటుంది: "ఒక చెయ్యి తక్కువైంది, వస్తావా?" చిన్న రాష్ట్రంలో ఆన్‌లైన్ పోకర్ కథంతా ఆ మాటలోనే ఉంది. చట్టం కుదిరింది, లైసెన్సు వచ్చింది, యాప్ నడుస్తోంది. కూర్చునే చేతులే చాలడం లేదు.

రమ్మీ మాత్రమే తెలిసినవాళ్లకి పోకర్ గురించి రెండు ముక్కల్లో చెప్పొచ్చు, ఎందుకంటే నిజంగానే చేతికి వచ్చేవి రెండు ముక్కలే. బాగా నడిచే హోల్డెమ్ రకంలో ఒక్కొక్కరికీ రెండేసి ముక్కలు పంచుతారు, బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు విడతలవారీగా తెరుస్తారు. ఆ ఏడింటిలోంచి మంచి అయిదు ఎవరివైతే వాళ్లది గెలుపు. ప్రతి విడతలోనూ పందెం పెంచొచ్చు. ఎదుటివాడు జంకి ముక్కలు పడేస్తే, మన చేతిలో చెత్త ఉన్నా డబ్బు మనదే. ఇక్కడ గమనించాల్సింది కంపెనీ సంగతి. కంపెనీ ఆడదు, గెలవదు, ఓడదు. ఆటగాళ్లు ఒకళ్ల డబ్బు ఒకళ్లు గెలుచుకుంటుంటే, మధ్యలో పోగైన పందెంలోంచి చిన్న వాటా కోసుకుంటుంది. దాన్నే రేక్ అంటారు. చాలాచోట్ల అది అయిదు శాతం దగ్గర ఉంటుంది, ఒక ఆటలో ఇంతకు మించి తీసుకోకూడదని పైన హద్దు కూడా పెడతారు.

అదే ఆన్‌లైన్ స్లాట్ మిషన్ అయితే రాత్రి రెండింటికి ఒక్కడు కూర్చుని మీట నొక్కినా కంపెనీకి రాబడే. పోకర్‌కి ఒక్కడు వస్తే రాబడి సున్నా. ఇద్దరొస్తే నామమాత్రం. ఆరుగురు కూర్చునే బల్ల నిండితేనే ఆట, ఆట నడిస్తేనే రేక్.

ఒక ఊహాలెక్క వేద్దాం. పది లక్షల జనంలో పిల్లల్ని తీసేస్తే ఏడు లక్షలు. వాళ్లలో నూటికి ఒకరు డబ్బు పెట్టి పోకర్ ఆడతారనుకుంటే ఏడు వేల మంది. ఇది ఉదారంగా వేసిన అంచనా. ఏ రోజైనా వాళ్లలో పదోవంతు లాగిన్ అయ్యారనుకుంటే ఏడు వందలు. ఒక్కొక్కరు గంటా గంటన్నర ఆడి వెళ్లిపోతారు కాబట్టి శుక్రవారం రాత్రి పది గంటలకు, బాగా రద్దీ ఉన్నప్పుడు, ఒకేసారి వంద మంది ఉంటారు. వంద మందంటే పదహారు బల్లలు. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ వంద మందీ ఒకే పందేనికి ఆడరు. రెండు రూపాయల బల్లవాడు రెండొందల బల్ల ఎక్కడు. కొందరికి హోల్డెమ్ కావాలి, కొందరికి ఒమాహా అనే ఇంకో రకం కావాలి, సగం మంది టోర్నమెంటు కోసం వస్తారు. ఇలా చీలికలు పేలికలు అయ్యాక, పెద్ద పందెం బల్ల దగ్గర ఇద్దరు కూర్చుని మూడోవాడి కోసం చూస్తుంటారు. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి సంగతి చెప్పనే అక్కర్లేదు. లాబీని, అంటే యాప్‌లో బల్లల జాబితాని, ఖాళీగా చూసినవాడు మళ్లీ ఆ యాప్ తెరవడు. వాడు తెరవకపోతే తర్వాత వచ్చేవాడికి ఇంకా ఖాళీగా కనపడుతుంది.

గుంటూరు మిర్చి యార్డు అంత పెద్దదయిందీ ఇలాగే, కాకపోతే తిరగేసి. ప్రకాశం జిల్లా రైతైనా, కర్నూలు రైతైనా లారీ కిరాయి పెట్టుకుని టిక్కీలు గుంటూరుకే తెస్తాడు. కొనేవాళ్లు అక్కడున్నారు కాబట్టి అమ్మేవాళ్లు వస్తారు, అమ్మేవాళ్లు వస్తున్నారు కాబట్టి కొనేవాళ్లు అక్కడే ఉంటారు. ముగ్గురు వ్యాపారులున్న ఊళ్లో యార్డు కట్టి, గేటుకి రంగేసి, బోర్డు పెట్టినా లాభం లేదు. పోకర్ వాళ్లు దీన్ని లిక్విడిటీ అంటారు.

దీనికింద ఇంకో చిక్కుంది, దాని గురించి కంపెనీలు పెద్దగా మాట్లాడవు. పోకర్‌లో బల్ల మీదికి కొత్త డబ్బు తెచ్చేది ఎక్కువగా సరదా ఆటగాళ్లు. రోజుకి పది గంటలు ఇదే పనిగా కూర్చునేవాళ్లు ఆ డబ్బు మీద బతుకుతారు. పెద్ద సముద్రంలో ఇది కంటికి కనపడదు, ఎందుకంటే సరదా ఆటగాడికి రోజుకో కొత్త మొహం తగులుతుంది, ఒక్కోరోజు వాడూ గెలుస్తాడు. చిన్న చెరువులో అలా కాదు. ఆ నలుగురు ఘటికులే ప్రతి రాత్రీ ఎదురవుతారు. నెల తిరిగేసరికి సరదా ఆటగాడి జేబు ఖాళీ అవుతుంది, మనసు విరిగిపోతుంది. వాడు పోయాక ఘటికులు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని, రేక్ కట్టి మరీ ఒకళ్లనొకళ్లు కొట్టుకోవడం దండగని లేచిపోతారు. పైనుంచి కాలవ నీళ్లు రాని చెరువు వేసవికి ఎండినట్టే ఇదీ.

డెలవేర్‌లో జరిగింది దాదాపు ఇదే. అసలు అమెరికాలో ఈ వ్యవహారం రాష్ట్రాల వాకిట్లోకి రావడానికి కారణం 2011. ఆ ఏడాది ఏప్రిల్ 15న అమెరికా న్యాయశాఖ పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, అబ్సొల్యూట్ పోకర్ అనే మూడు పెద్ద సైట్ల మీద కేసులు బయటపెట్టింది. పోకర్ ఆడేవాళ్లు ఆ రోజుని ఇప్పటికీ బ్లాక్ ఫ్రైడే అంటారు. అదే ఏడాది డిసెంబరులో, తీగల మీద పందేలు నడపకూడదనే 1961 నాటి వైర్ చట్టం క్రీడల పందేలకే వర్తిస్తుందని అదే శాఖ తన అభిప్రాయం వెల్లడించింది. దాంతో రాష్ట్రాలకు దారి దొరికింది. 2013 ఏప్రిల్‌లో నెవాడా, ఆ ఏడాది చివర్లో డెలవేర్, న్యూజెర్సీ మొదలెట్టాయి.

డెలవేర్‌లో ఆన్‌లైన్ ఆటలన్నీ రాష్ట్ర లాటరీ శాఖ చేతి కిందే. గుర్రప్పందేల మైదానాలతో కలిసి ఉన్న మూడు కాసినోల పేర్ల మీద మూడు సైట్లు కనిపించేవి కానీ, వెనక సాఫ్ట్‌వేర్ ఒకటే, 888 అనే కంపెనీది. మూడు దుకాణాలు, ఒకటే గోడౌను. అంత చేసినా పోకర్ బల్లల దగ్గర కూర్చున్నవాళ్ల సంఖ్య పదుల్లోనే తిరిగింది.

అందుకే ఆట మొదలై నాలుగు నెలలు కాకముందే, 2014 ఫిబ్రవరి 25న, డెలవేర్ గవర్నర్ జాక్ మార్కెల్, నెవాడా గవర్నర్ బ్రయాన్ సాండొవాల్ ఒప్పందం మీద సంతకాలు చేశారు. రెండు రాష్ట్రాల ఆటగాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చన్నది దాని సారం. అది నిజంగా అమలయ్యేసరికి 2015 మార్చి వచ్చింది. కాగితం మీద సంతకం అయ్యాక కూడా ఏడాదికి పైగా పట్టింది. రెండు చోట్లా నియంత్రణ నిబంధనలు వేరు, పన్నులు వేరు, మోసం జరిగితే ఎవరు విచారించాలన్నది వేరు. ఎవరి రేక్‌లోంచి ఎవరికి ఎంత అని లెక్క తేల్చాలి. న్యూజెర్సీ ఆటగాళ్లు వచ్చి కలిసింది 2018 మే నెలలో. 93 లక్షల జనం ఉన్న రాష్ట్రం తోడైతే గానీ ఆ బల్లలకి కళ రాలేదు.

ఆ తర్వాత జరిగింది ఇంకా చెప్పుకోదగ్గది. 2023 చివరికి డెలవేర్ లాటరీతో 888 కాంట్రాక్టు ముగిసింది. రష్ స్ట్రీట్ ఇంటరాక్టివ్ అనే కొత్త కంపెనీ వచ్చింది. స్లాట్లు వచ్చాయి, కాసినో ఆటలు వచ్చాయి, పోకర్ రాలేదు. ఆ కంపెనీ దగ్గర అప్పటికి పోకర్ సాఫ్ట్‌వేర్ సిద్ధంగా లేదు. అమెరికాలో అందరికంటే ముందు తలుపు తెరిచిన రాష్ట్రాల్లో ఒకటి, ఏడాదికి పైగా చట్టబద్ధమైన పోకర్ బల్ల ఒక్కటీ లేకుండా ఉండిపోయింది. నిషేధం ఏదీ లేదు, సరఫరాదారు మారాడంతే. 2025లో ఆ కంపెనీ పొరుగు రాష్ట్రాలతో కలిపి పోకర్ తెచ్చాకే మళ్లీ ఆట మొదలైంది. చిన్న మార్కెట్‌కి ఒకే సరఫరాదారు ఉంటే వచ్చే తంటా ఇదే. పోకర్ ఎప్పుడూ స్లాట్ల వెనక నడిచే సవతి బిడ్డే.

మిగతా రాష్ట్రాల అనుభవం కూడా ఇదే మాట చెబుతోంది. 18 లక్షల జనం ఉన్న వెస్ట్ వర్జీనియా 2019లో చట్టం చేసింది, 2023లో ఒప్పందంలో చేరింది, పోకర్ బల్ల కనపడింది 2025లో. కనెక్టికట్‌లో 2021లో చట్టం వచ్చింది, కాసినో ఆటలు వెంటనే మొదలయ్యాయి, పోకర్ పెట్టడానికి మాత్రం ఏళ్ల తరబడి ఎవరూ ముందుకు రాలేదు. కోటీ ముప్పై లక్షల జనం ఉన్న పెన్సిల్వేనియా ఒంటరిగా నడపగలిగింది కాబట్టి 2025 ఏప్రిల్ దాకా ఒప్పందం జోలికి రాకుండా తాత్సారం చేసింది. ఈ జాప్యంలో అమెరికా కేంద్ర ప్రభుత్వం పాత్ర కూడా ఉంది. వైర్ చట్టం మీద న్యాయశాఖ 2019లో మాట మార్చింది. 2021లో అప్పీలు కోర్టు న్యూహాంప్‌షైర్ లాటరీ కేసులో దాన్ని తోసిపుచ్చేదాకా రాష్ట్రాలు కలవాలంటే జంకాయి.

2025 నాటికి ఒప్పందంలో ఉన్న ఆరు రాష్ట్రాలు, అంటే నెవాడా, డెలవేర్, న్యూజెర్సీ, మిషిగన్, వెస్ట్ వర్జీనియా, పెన్సిల్వేనియా, కలిపితే జనం సుమారు 3 కోట్ల 83 లక్షలు. పన్నెండేళ్లు తంటాలు పడి, గవర్నర్ల సంతకాల మీద సంతకాలు పెట్టించుకుని వాళ్లు పోగు చేసుకున్న జనం అంత. 2011 లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ఒక్కదాని జనాభా సుమారు 4 కోట్ల 95 లక్షలు. చేతుల లెక్కే చూస్తే ఆంధ్రకి ఎవరితోనూ ఒప్పందం అక్కర్లేదు.

అలాంటి ఆంధ్రలో ఆట లేకపోవడానికి కారణం కచ్చితంగా జనం కొరత కాదు. తెలుగు నేలకీ పేకముక్కల చట్టానికీ ఉన్న చుట్టరికం పాతది. రమ్మీ నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న ప్రశ్న మీద దేశమంతా ఉదహరించే తీర్పు పేరే 'స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె. సత్యనారాయణ'. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసు అది. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఆటేనని సుప్రీంకోర్టు తేల్చింది. మూడు ముక్కలాట మాత్రం ఒట్టి అదృష్టం అంది. ఆ తీర్పులో అందరూ దాటవేసే ఇంకో మాట ఉంది. క్లబ్బు కూర్చోబెట్టినందుకు మామూలు రుసుము తీసుకుంటే ఫరవాలేదు, ఆటలోంచే లాభం తీస్తుంటే మాత్రం నేరం కావచ్చని కోర్టు అంది. పోకర్ రేక్ ఈ రెంటిలో దేని కిందికి వస్తుందన్నది న్యాయవాదులకి ఇప్పటికీ పని కల్పిస్తోంది. పోకర్ విషయంలో హైకోర్టులు కూడా ఒక మాట మీద లేవు. 2017లో గుజరాత్ హైకోర్టు జూదమే అంటే, 2024లో అలహాబాద్ హైకోర్టు ఒట్టి అనుమానంతో పోకర్‌కి అనుమతి నిరాకరించడం కుదరదంది.

మన దేశంలో చిన్న రాష్ట్రాలు పట్టిన దారి డెలవేర్‌కి తలకిందులు. 20 లక్షల లోపు జనం ఉన్న నాగాలాండ్ తన చట్టంలో పోకర్‌ని, రమ్మీని నైపుణ్యం ఆటల జాబితాలో చేర్చి లైసెన్సులు అమ్మింది. సొంత జనం ఆడతారని కాదు. ఆ కాగితం చూపించి కంపెనీలు, నిషేధం లేని రాష్ట్రాలన్నిటి ఆటగాళ్లనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాయి. అంటే అమెరికావాళ్లు ఎంతో కష్టపడి కలుపుకున్న ఉమ్మడి బల్ల ఇక్కడ మొదటి రోజు నుంచీ ఉంది, ఏ ముఖ్యమంత్రీ సంతకం పెట్టకుండానే. సిక్కిం 2008లోనే చట్టం చేసినా, 2015 సవరణతో రాష్ట్రం లోపలి టెర్మినళ్లకే పరిమితం చేసుకుంది. ఆరు లక్షల జనంతో గోడ కట్టుకుంటే డెలవేర్ కంటే చిన్న చెరువు.

ఆ ఉమ్మడి బల్ల నుంచి తెలుగువాళ్లు ముందే లేచారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సుతో, నైపుణ్యం మినహాయింపు లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపేశాయి. నిర్వాహకులకు తొలిసారి ఏడాది, రెండోసారి రెండేళ్లు, ఆడినవాళ్లకు ఆరు నెలల దాకా జైలు అని అప్పట్లో మంత్రివర్గ నిర్ణయంగా ప్రకటించారు. రమ్మీని కాపాడిన తీర్పు పేరులో ఉన్న రాష్ట్రమే, అర్ధ శతాబ్దం తర్వాత ఫోన్లో రమ్మీకి తాళం వేసింది. పక్కనున్న హైదరాబాద్ వెళ్లినా లాభం లేదు కాబట్టి, చట్టం దాటకుండా ఆడాలనుకున్న బెజవాడ కుర్రాడికి బెంగళూరే దిక్కయింది.

అంతమంది బెంగళూరు వెళ్లలేదు, అది వేరే సంగతి. లొకేషన్ మార్చే యాప్‌లు వచ్చాయి. ప్రైవేటు క్లబ్బు యాప్‌లు వచ్చాయి. వీటిలో తెర మీద కనపడేవి ఉత్తుత్తి చిప్‌లు, డబ్బు వాట్సాప్‌లో పరిచయమైన ఏజెంటు ద్వారా చేతులు మారుతుంది. గెలిచిన డబ్బు అడిగితే ఏజెంటు ఫోన్ స్విచాఫ్ చేస్తే ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి? ఆడినవాడూ నేరస్థుడే అన్న రాష్ట్రంలో స్టేషన్ మెట్లు ఎక్కేదెవరు? నిషేధం లెక్కల్లో ఈ భాగాన్ని ఎవరూ రాయరు. అలాగని నిషేధం తెచ్చినవాళ్ల ఆందోళన బూటకమూ కాదు. జీతం పడ్డ రోజు రాత్రి మొదలెట్టి, పదో తారీకుకి లోన్ యాప్ దాకా వెళ్లిన ఇళ్లు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఉన్నాయి. సంక్రాంతి బరుల పక్కన గుండాట మూడు రోజులకి ముగుస్తుంది. ఫోన్లో బరికి సంక్రాంతితో పని లేదు.

2023 నుంచి ఆట మిగతా రాష్ట్రాల్లోనూ బరువెక్కింది. ఆ ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్, అక్టోబరు నుంచి డిపాజిట్ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ. ఇదివరకు కంపెనీ కోసుకున్న రేక్ మీదే 18 శాతం ఉండేది. వెయ్యి రూపాయలు వేసి ఆడితే, యాభై రూపాయల రేక్ వచ్చిందనుకున్నా దాని మీద పన్ను తొమ్మిది రూపాయలు. కొత్త పద్ధతిలో అదే వెయ్యి మీద 280. గెలుపోటములతో సంబంధం లేదు. ఈ లెక్కతో ఏ బల్లా చాలాకాలం నిలబడదు, చిన్న రాష్ట్రమైనా పెద్ద రాష్ట్రమైనా.

ఆ పరీక్ష పూర్తి కాకముందే 2025 ఆగస్టు వచ్చింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న గీతనే చెరిపేసింది. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఏ ఆన్‌లైన్ ఆటైనా నిషిద్ధం. నడిపినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలకు రెండేళ్లు, 50 లక్షలు. ఆడేవాళ్లకు మాత్రం శిక్ష లేదు. ఏటా 45 కోట్ల మంది సుమారు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారన్నది ప్రభుత్వం చెప్పిన అంచనా. బిల్లు గట్టెక్కగానే పెద్ద కంపెనీలు డబ్బాటలు ఆపేశాయి. దీన్ని సవాలు చేస్తూ హైకోర్టుల్లో వేసిన పిటిషన్లను సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

అక్కడ తేలాల్సిన ప్రశ్నల్లో ముఖ్యమైనది రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో ఉంది. రాష్ట్రాల జాబితాలో 34వ పద్దు పందేలు, జూదం. అది రాష్ట్రాల సొత్తయినప్పుడు, ఇంటర్నెట్ మీద ఆడినంత మాత్రాన కేంద్రం చేతిలోకి వస్తుందా? చట్టం నిలబడితే నాగాలాండ్ లైసెన్సు ఒట్టి కాగితం, చిన్న రాష్ట్రం అన్న చర్చకే తావు లేదు. కొట్టేస్తే బంతి మళ్లీ రాష్ట్రాల దగ్గరికి వస్తుంది. అప్పుడు అసలు డెలవేర్ ప్రశ్న మన దగ్గర మొదలవుతుంది. ఇన్నాళ్లూ సంతకాలు లేకుండా నడిచిన ఉమ్మడి బల్లకి ఈసారి సంతకాలు కావాలంటారు. ఆటగాడు కర్ణాటకలో, లైసెన్సు నాగాలాండ్‌లో ఉంటే ఎవరి నిబంధన చెల్లాలో రాసుకోవాలి. అర్ధరాత్రి నుంచి ఉదయం అయిదింటి దాకా ఆట వద్దన్న తమిళనాడు పద్ధతికి మిగతావాళ్లు ఒప్పుకుంటారో లేదో తేల్చుకోవాలి. ఒంటరిగా తలుపు తీసే చిన్న రాష్ట్రానికి లైసెన్సు ఫీజు తప్ప మిగిలేది తక్కువ.

విజయవాడ వరకు చూస్తే తీర్పు ఎటొచ్చినా వెంటనే మారేదేమీ లేదు. కేంద్ర చట్టం పోయినా 2020 నాటి రాష్ట్ర సవరణ పోదు. దాన్ని తీయాలంటే అమరావతిలో శాసనసభ కూర్చుని వేరే చట్టం చెయ్యాలి. అప్పటికి పొరుగున తెలంగాణలో 2017 నాటి చట్టం అలాగే ఉంటే, జగ్గయ్యపేటలో ఆడుతున్నవాడు కోదాడ వైపు సరిహద్దు దాటగానే యాప్ ఆగిపోతుంది.